మూడు సీసాల పూసలు: టోలుయీన్ బదులు హెప్టేన్ పోస్తే రంధ్రాలు ఎలా మారతాయి?

నమస్కారం అండీ. టేబుల్ మీద మూడు చిన్న సీసాలు పెట్టాను. మూడింటికీ ఎముక ఒకటే: స్టైరీన్‌ని డైవినైల్‌బెంజీన్‌తో, అంటే ల్యాబుల్లో మనం డీవీబీ అనేదానితో, ముడివేసిన పాలిమర్ పూసలు. కానీ లోపల చూస్తే మూడూ మూడు లోకాలు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో చూద్దాం.

మొదటి సీసా. లైటుకి పట్టుకుంటే తేనె రంగులో మెరుస్తోంది, అవతలి పక్క కనిపిస్తోంది చూడండి. హైదరాబాద్‌లో బోరు నీళ్ళు వాడే అపార్ట్‌మెంట్ల సాఫ్ట్‌నర్ ట్యాంకుల్లో ఉండేది ఈ రకమే. జెల్ రెజిన్ అంటారు. డీవీబీ సాధారణంగా 8 శాతం దగ్గర ఉంటుంది. ఎండిపోతే ఇందులో రంధ్రం అంటూ ఏమీ ఉండదు. నీళ్ళు పీల్చి ఉబ్బినప్పుడే గొలుసుల మధ్య సందు తెరుచుకుంటుంది. కాల్షియం అయాన్‌కి ఆ సందు చాలు. పెద్ద అణువుకి చాలదు.

ఇక రెండూ మూడూ. ఇవి ఎండినా రంధ్రాలు నిలిచే రకం. తయారీ ఇలా ఉంటుంది. నీళ్ళలో కాస్త పాలీవినైల్ ఆల్కహాల్ కరిగించి, అందులో మోనోమర్, అంటే ఇంకా గొలుసులు కాని స్టైరీన్-డీవీబీ ద్రవం, పోసి తిప్పుతూ ఉంటే అది చుక్కలుగా విడిపోతుంది. వేడికి ఒక్కో చుక్కా ఒక్కో పూసగా గట్టిపడుతుంది. ఆ చుక్కలోనే పోరోజెన్ అనే ద్రవం కూడా కలుపుతాం. అది పాలిమర్‌లో భాగం కాదు, చివర్లో కడిగేస్తాం. అది ఖాళీ చేసి వెళ్ళిన చోటే రంధ్రం. స్టిర్రర్ వేగం మారిస్తే రంధ్రాలు మారతాయని చాలామంది అనుకుంటారు. అది ముఖ్యంగా మార్చేది పూస సైజుని. రంధ్రాల సంగతి తేలేది చుక్క లోపల.

పోరోజెన్‌గా రెండో సీసాకి టోలుయీన్, మూడోదానికి హెప్టేన్ పోశాను. కొలత ఒకటే, మోనోమర్ ఎంతో పోరోజెన్ అంత. డీవీబీ కూడా సమానం. అయినా రెండోది పొగమంచు పట్టిన గాజులా ఉంది, మూడోది సుద్దముక్కలా ఉంది.

వంటింటి మాటల్లో చెప్తాను. గోరువెచ్చని పాలలో తోడు వేస్తే నీరంతా లోపలే పట్టుకుని పెరుగు తోడుకుంటుంది. మరిగే పాలలో నిమ్మకాయ పిండితే విరిగిపోయి ముద్దలు ఒక పక్క, నీళ్ళు ఒక పక్క. టోలుయీన్‌కి పాలీస్టైరీన్ అంటే ఇష్టం. పెరిగే గొలుసులు చాలాసేపు అందులో కలిసే ఉంటాయి, విడిపోవడం ఆలస్యమవుతుంది. అప్పటికే వల అల్లుకుపోయి ఉంటుంది కాబట్టి పూస లోపల విడిపడే పాలిమర్ రేణువులు చిన్నవిగానే ఉండిపోతాయి, వాటి మధ్య సందులు కొన్ని నానోమీటర్లే. గ్రాముకి కొన్ని వందల చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. హెప్టేన్‌లో గొలుసు కాస్త పెరగగానే విరిగిపోతుంది. ఇంకా మిగిలి ఉన్న మోనోమర్‌ని ఆ ముద్దలే పీల్చుకుని లావెక్కి ఒకదానికొకటి అతుక్కుంటాయి. సందులు పెద్దవి, ఉపరితలం తక్కువ. పోరోజెన్‌గా పాలీస్టైరీన్ గొలుసులనే కరిగించి కలిపితే సందులు ఇంకా పెద్దవవుతాయి. నా దృష్టిలో ఈ వ్యవహారమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఎప్పుడు విరిగింది?

డీవీబీ దగ్గర మాత్రం జాగ్రత్త. సీసా మీద డీవీబీ అని రాసి ఉన్నా అందులో డీవీబీ 55 శాతమే ఉండొచ్చు, 80 శాతం ఉండొచ్చు. మిగతాది ఎక్కువగా ఇథైల్‌వినైల్‌బెంజీన్, అది ముడి వేయలేదు. మొదట్లో నేను ఈ లెక్క చూసుకోకుండా రెండు వారాల పని పాడుచేసుకున్నాను. ముడులు తక్కువై, ఎండబెట్టాక పూసలు రంధ్రాలు మూసుకుపోయి గాజుముక్కల్లా అయ్యాయి. చాలా టెన్షన్ పడ్డాను.

ఉష్ణోగ్రత సంగతీ చిన్నది కాదు. గొలుసులు పెరగడం మొదలుపెట్టించే రసాయనం బెంజాయిల్ పెరాక్సైడ్. అది 73 డిగ్రీల దగ్గర సగానికి తగ్గడానికి 10 గంటలు పడుతుంది. 90 దాటితే గంటో, కాస్త అటూ ఇటూనో. వేడి పెరిగితే ఒకేసారి ఎక్కువ చోట్ల కేంద్రకాలు, అంటే రేణువుల మొలకలు, మొదలవుతాయి. ఉన్న మోనోమర్‌నే ఎక్కువ రేణువులు పంచుకోవాలి. రేణువులు చిన్నవైతే సందులూ చిన్నవే. రెసిపీ ఒక్క గ్రాము మార్చకుండా, థర్మోస్టాట్ తిప్పి రంధ్రం సైజు మార్చొచ్చన్నమాట.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైనది చూపిస్తాను. ఇవి డీవీబీ తక్కువ వేసి చేసిన రంధ్రాల పూసలు. ఒకే బ్యాచ్‌ని రెండు గాజు పలకల మీద పెట్టాను. ఎడమవైపువి టోలుయీన్‌లో తడిపినవి, కుడివైపువి మెథనాల్‌తో చాలాసార్లు కడిగినవి. రెండూ ఫ్యూమ్ హుడ్‌లోనే ఆరబెట్టాను. లెన్స్ దగ్గరకి తెస్తాను, చూడండి. ఎడమ పూస కుంచించుకుపోయి గాజులా తేటగా అయింది. టోలుయీన్‌లో గొలుసులు మెత్తబడి ఉంటాయి, అది ఆవిరవుతుంటే గోడలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి అతుక్కుపోతాయి. కుడి పూస అలాగే తెల్లగా ఉంది. మెథనాల్ పాలీస్టైరీన్‌ని ఉబ్బించదు, గోడలు గట్టిగా నిలబడ్డాయి. ఎడమది మళ్ళీ టోలుయీన్‌లో వేస్తే తిరిగి ఉబ్బుతుంది కూడా. అంటే నైట్రోజన్ వాయువు ఎంత అంటుకుంటుందో చూసి ఉపరితలం కొలిచినప్పుడు వచ్చే అంకె ఎండిన పూసది. పనిలో ఉన్న తడి పూసకి అదే వర్తించాలని లేదు.

ఏది కొనాలి అంటే, నీటి కాఠిన్యం తగ్గించడానికి మొదటిదే. చిన్న సేంద్రియ అణువుల్ని నీళ్ళలోంచి పట్టాలంటే రెండో రకం. ప్రోటీన్ లాంటి పెద్దవి లోపలికి పోవాలంటే మూడోది, ఉపరితలం తక్కువైనా సరే. సప్లయర్ ఉపరితలం అంకె ఒక్కటే చెప్తే ఊరుకోకండి. సగటు రంధ్రం సైజు ఎంతో, ఏ ద్రవంతో కడిగి ఆరబెట్టి కొలిచారో కూడా అడగండి.