టేబుల్ పాస్‌వర్డ్‌ను ఎక్కడ దాచాలి?

అందరికీ నమస్కారం. డేటాబేస్‌లో సమాచారం దాచే పట్టికకు, అంటే టేబుల్‌కు పెట్టిన పాస్‌వర్డ్‌ను భద్రంగా ఎక్కడ దాచాలన్నది ఈ రోజు నాకు ఇచ్చిన ప్రశ్న. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఎక్కడా దాచకూడదు. అదెలా కుదురుతుందో వివరించడానికే మిగతా సమయం.

మనం ఇచ్చిన పాస్‌వర్డ్‌తో ప్రోగ్రాము రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. సరిచూస్తుంది, లేదా వాడుకుంటుంది. సరిచూడటమంటే ఫైలులో ఎక్కడో రాసి ఉన్నదానితో మనం టైపు చేసినదాన్ని పోల్చి, రెండూ కలిస్తే లోపలికి వదలడం. టేబుల్‌లోని డేటా మాత్రం ఉన్నదున్నట్టే ఉంటుంది. గుమ్మం దగ్గర కాపలావాడు ఉన్నాడు సరే, వెనక గోడే లేదు. ఫైలును ఆ ప్రోగ్రాముతో పని లేకుండా నేరుగా బైట్లుగా చదివేవాడికి అతను ఎదురే పడడు.

పాత సాఫ్ట్‌వేర్ చాలావరకు ఇలాంటిదే. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 97 అనే డేటాబేస్ ప్రోగ్రాములో పాస్‌వర్డ్ ఫైలు మొదట్లోనే, హెడర్‌లో ఉండేది. దాన్ని ఒక బైట్ల వరుసతో ఎక్సార్ చేసి (అదే వరుసతో మళ్లీ చేస్తే అసలు తిరిగొచ్చే సులువైన లెక్క ఇది) ఉంచేవారు, ఆ వరుస అన్ని ఫైళ్లకూ ఒకటే. దాన్ని కనిపెట్టినవాడికి ఏ ఫైలు పాస్‌వర్డ్ అయినా క్షణంలో పని. పారడాక్స్ అనే మరో డేటాబేస్ ప్రోగ్రాము టేబుళ్లను ఎన్‌క్రిప్ట్ చేసేది, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చేది గానీ, యజమాని పాస్‌వర్డ్‌తో సంబంధం లేకుండా టేబుల్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డులు అందులో ఉండేవి. అవి బయటకు పొక్కాయి. పద్ధతి మొత్తం శత్రువుకు తెలిసినా కీ ఒక్కటి రహస్యంగా ఉంటే సరిపోవాలని గూఢలిపి నిపుణుడు కెర్కాఫ్స్ 1883లోనే రాశాడు. వందేళ్ల తర్వాత కూడా పద్ధతిని దాచిపెట్టి గట్టెక్కాలనుకోవడం బద్ధకమే తప్ప భద్రత కాదు.

ఇక రెండో దారి, పాస్‌వర్డ్‌ను వాడుకోవడం. డేటాబేస్ ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌క్యూఎల్‌సైఫర్‌నే చూడండి. దీని నాలుగో వెర్షన్ మనం ఇచ్చిన పాస్‌వర్డ్‌కు 16 బైట్ల సాల్ట్, అంటే యాదృచ్ఛికంగా పుట్టించిన బైట్లు కలిపి, పీబీకేడీఎఫ్2 అనే లెక్కను 2,56,000 సార్లు తిప్పి 256 బిట్ల కీ తయారు చేస్తుంది. ఆ కీతో ఫైలులోని ఒక్కో పేజీని, అంటే ఒక్కో ముక్కను, ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పాస్‌వర్డూ, కీ రెండూ ఫైలులో ఉండవు. సాల్ట్ మాత్రం ఫైలు మొదట్లో బాహాటంగానే ఉంటుంది. ఇది చూసి చాలామంది కంగారు పడతారు. సాల్ట్ రహస్యం కానక్కరలేదు, ఒక్కో ఫైలుకు ఒక్కోలా ఉంటే చాలు. ఒక ఫైలు మీద చేసిన ఊహల లెక్క ఇంకో ఫైలుకు పనికిరాకుండా చేయడమే దాని పని. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పాస్‌వర్డుల గురించి రాసినప్పుడు సాల్ట్ 12 బిట్లే, అంటే 4,096 రకాలు. ఆ రోజులకు అది సరిపోయింది.

మరి పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు పాస్‌వర్డ్ తప్పని ప్రోగ్రాముకు ఎలా తెలుస్తుంది? నాకు ఈ విషయంలో బాగా నచ్చేది ఇదే. ప్రతి పేజీ చివర ఆ పేజీ మీద కీతో లెక్కేసిన ఒక ముద్ర ఉంటుంది. తప్పు పాస్‌వర్డ్ నుంచి తప్పు కీ పుడుతుంది, దానితో లెక్కేస్తే ముద్ర కలవదు. అంతే.

అన్ని లక్షల సార్లు తిప్పడం ఎందుకంటే, మనం ఫైలు తెరిచేటప్పుడు ఆ ఆలస్యాన్ని ఒక్కసారే భరిస్తాం. కోట్ల ఊహలు ప్రయత్నించేవాడు ప్రతి ఊహకూ భరించాలి. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2 అనే ఇలాంటి లెక్క సమయంతో పాటు మెమరీని కూడా ఖర్చు పెట్టిస్తుంది. అందుకే కొత్తగా కట్టేవాళ్లకు దాన్నే సూచిస్తాను.

పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా డేటా అంతా మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయాలా? పెద్ద డేటాబేస్‌లకు అది భారం. అందుకని డేటాకు యాదృచ్ఛికంగా పుట్టించిన కీ ఒకటి వాడి, ఆ కీని మాత్రమే పాస్‌వర్డ్ నుంచి వచ్చిన కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతారు. పాస్‌వర్డ్ మారితే ఆ కాసిని బైట్లు మారితే చాలు.

వినియోగదారుల లాగిన్ పాస్‌వర్డుల సంగతి వేరు. వాటిని తిరిగి చదవాల్సిన అవసరం ఎవరికీ లేదు కాబట్టి ఎన్‌క్రిప్షన్ కాదు, సాల్ట్‌తో కూడిన నిదానమైన హ్యాష్, అంటే వెనక్కి తిప్పలేని లెక్క, కావాలి. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి బయటపడిన సుమారు 65 లక్షల హ్యాష్‌లకు సాల్ట్ లేదు. 2013లో అడోబీ నుంచి పోయినవి ఒకే కీతో ఎన్‌క్రిప్ట్ చేసినవి. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లందరి వరుసలూ ఒకేలా కనిపించాయి, పక్కనే పాస్‌వర్డ్ గుర్తుకు రావడానికి వాళ్లు రాసుకున్న సూచనలు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. కీ దొరకకుండానే జనం వాటిని ఊహించేశారు.

చివరగా, ఇబ్బందైన విషయం. మనుషులెవరూ లేని వేళ సర్వర్ తనంతట తాను రీస్టార్ట్ అవ్వాలంటే కీ దానికి ఎక్కడో అందుబాటులో ఉండాలి. దీనికి మాయమంత్రమేమీ లేదు. కీని డేటా ఉన్న డిస్కు మీద కాకుండా వేరే కీ సర్వీసులోనో, ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనో పెట్టి, ఎవరు ఎప్పుడు అడిగారో నమోదు చేయడమే చేయగలిగింది. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008లో వచ్చిన టీడీఈ (డేటాబేస్ ఫైళ్లను డిస్కు మీద తానే ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) వంటివి డిస్కు, బ్యాకప్ దొంగతనం నుంచి కాపాడతాయి. లాగిన్ అయి క్వెరీ నడిపేవాడికి మాత్రం డేటా మామూలుగానే కనిపిస్తుంది. ఆ బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో తెరవాలంటే ఆ ఎన్‌క్రిప్షన్ కీని కాపాడే సర్టిఫికెట్, దాని ప్రైవేట్ కీ రెండూ కావాలి. వాటిని విడిగా భద్రపరిచారో లేదో ఆఫీసుకు వెళ్లగానే చూడండి. బ్యాకప్‌లు అన్నీ ఉండి కీ పోతే ఆ డేటా మీకు కూడా తెరుచుకోదు.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.