భాగిస్తే ఫలితం తిరగబడింది!

యాంకర్: విశాఖ నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, రేడియో సౌండ్ కాస్త తగ్గించుకోండి.

కాలర్: నమస్కారం మేడమ్. పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎంఆర్ఐ స్కాన్లలో ఆడవాళ్ల, మగవాళ్ల హిప్పోక్యాంపస్, అంటే మెదడులో జ్ఞాపకాలకు సంబంధించిన భాగం, సైజు పోలుస్తున్నాను. నేరుగా చూస్తే మగవాళ్లది పెద్దది. పుర్రె లోపలి పరిమాణంతో భాగిస్తే ఆడవాళ్లది పెద్దది! థీసిస్‌లో ఏది రాయాలో తెలీక ఒకటే టెన్షన్.

ప్రొఫెసర్: ఏదీ ఇప్పుడే రాయకండి. సగటులు చదవండి.

కాలర్: మగవాళ్లకు పుర్రె 1500 మిల్లీలీటర్లు, హిప్పోక్యాంపస్ 3.9. ఆడవాళ్లకు 1300, 3.6.

ప్రొఫెసర్: అదీ సంగతి. పుర్రె 13 శాతం తక్కువ, హిప్పోక్యాంపస్ 8 శాతమే తక్కువ. తల పెరిగినంతగా హిప్పోక్యాంపస్ పెరగదమ్మా. భాగించామంటే రెండూ సమానంగా పెరుగుతాయని ముందే ఒప్పుకున్నట్టు. నమ్మకం కుదరకపోతే మగవాళ్లనే పెద్ద తలలు, చిన్న తలలు అని విడదీసి భాగించి చూడండి. అక్కడా చిన్న తలల వాళ్లదే పైచేయి అవుతుంది.

కాలర్: మరెలా మేడమ్?

ప్రొఫెసర్: రిగ్రెషన్ అనే గణాంక పద్ధతి వాడండి. పుర్రె 100 మిల్లీలీటర్లు పెరిగితే హిప్పోక్యాంపస్ ఎంత పెరుగుతోందో మీ డేటానే చెబుతుంది. 0.15 వచ్చిందనుకోండి, 200కి 0.3. మీ తేడా మొత్తం అక్కడికే సరి! చాలా పరిశోధనల ఫలితాలను కలిపి చూసిన 2016 నాటి ఒక మెటా అనాలిసిస్‌లోనూ తల సైజు తేడాను ఇలా లెక్కలో సర్దాక ఆడ, మగ తేడా నిలవలేదు.

కాలర్: పుర్రె బదులు మొత్తం మెదడు పరిమాణం తీసుకోమంటున్నారు మా గైడ్ గారు.

ప్రొఫెసర్: అల్జీమర్స్ పేషెంట్లుంటే మాత్రం వద్దే వద్దు. జబ్బుకి మెదడు కుంచించుకుపోతుంది, పుర్రె అలాగే ఉంటుంది. తగ్గినదాన్ని తగ్గినదాంతోనే భాగిస్తే జబ్బే కనపడదు. అన్నట్టు, మెదడు పైపొర, అదే కార్టెక్స్, మందానికి తల సైజుతో సంబంధం చాలా తక్కువ. అలవాటుకొద్దీ దాన్నీ భాగించేస్తుంటారు కొందరు!

యాంకర్: మేడమ్, మన తలలు విదేశీయుల కంటే చిన్నవంటారు, నిజమేనా?

ప్రొఫెసర్: హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో 100 మంది స్కాన్లతో భారతీయుల మెదడు అట్లాస్, అంటే సగటు మెదడు పటం, తయారుచేశారు. స్కాన్లను సరిపోల్చడానికి వాడే పాశ్చాత్యుల నమూనా మెదడు, అదే టెంప్లేట్, కంటే మన సగటు మెదడు చిన్నదనే తేలింది. దాన్నిబట్టి తెలివి లెక్కకట్టకండి బాబూ. అమ్మా, మీ సాఫ్ట్‌వేర్ ఏ టెంప్లేట్ వాడిందో ఓసారి చూసుకోండి.

కాలర్: సర్దని అంకెలు తీసేయనా?

ప్రొఫెసర్: ఉంచండి. సర్దినవీ, సర్దనివీ పక్కపక్కనే పెట్టండి. వైవాలో ముందు అడిగేది వాటి గురించే.