నమలకుండా మింగేవి

కళ్యాణి: ఎర్ర లైటు వచ్చింది. సరే, నమస్కారం, బెంగళూరు కోరమంగళ వంటింట్లోంచి మళ్ళీ మేమే. ఈసారి ఫ్రిజ్ ఆపేశాం. ఆ చప్పుడేంటని ఎవరూ మెసేజ్ పెట్టొద్దు.

ప్రసాద్: సొరకాయ గురించి కూడా.

కళ్యాణి: సొరకాయ ఊసెత్తనన్నారు బావా! ఇవాళ బరువు తగ్గే మాత్రలు, ఇంజెక్షన్లు. పనిచేస్తాయా, ప్రమాదమా. నేను కాగితం మీద రాసుకొచ్చాను.

ప్రసాద్: నేను రాగి ముద్దె తినొచ్చాను.

కళ్యాణి: మొదలైంది. ముందు నా కాగితం. ఆర్లిస్టాట్. ఇది ఆకలిని చంపదు. కొవ్వును అరిగించే ఎంజైమును పేగులో అడ్డుకుంటుంది. 120 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం ఒంటికి పట్టకుండా పోతుంది.

ప్రసాద్: ఎక్కడికి పోతుంది?

కళ్యాణి: పోవాల్సిన చోటికే. నూనె నూనెగా, చెప్పాపెట్టకుండా. ఆవకాయన్నంలో నెయ్యి దట్టించి, ఈ మాత్ర వేసుకుని, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారనుకోండి...

ప్రసాద్: చాలు తల్లీ, ఇప్పుడే తిన్నాను.

కళ్యాణి: ముద్దె.

ప్రసాద్: అడిగావు కాబట్టి చెప్తా.

కళ్యాణి: అడగలేదు.

ప్రసాద్: ఇక్కడి ముద్దె ఉత్త రాగిపిండి. మా మదనపల్లె సంగటికి బియ్యం మెత్తగా ఉడకాలి, ఆ పైన పిండి వేసి గెలకాలి. మా ఆఫీసులో కొత్త కుర్రాడు రెండూ ఒకటే అన్నాడు.

కళ్యాణి: ఒకటే కదా?

ప్రసాద్: మీ అక్కని పిలువు.

కళ్యాణి: రంగు ఒకటే, గుండ్రం ఒకటే.

ప్రసాద్: ఉప్మా, కేసరి రెండూ రవ్వే. ఒకటేనా? మొన్న మాగడి రోడ్డు హోటల్లో ముద్దె నములుతుంటే పక్కాయన తట్టుకోలేక ‘నుంగి సార్, నుంగి’ అన్నాడు. పులుసులో ముంచి మింగేయాలంతే. సంగటి అట్ల కాదు, మెతుకు పంటికి తగలాలి.

కళ్యాణి: భీమవరం దాన్ని, నాకు రెండూ గొంతు దిగవు. అయినా రాగి తింటే సన్నబడతారనే కదా మీ వాదన? మరి మీరేంటి ఇలా?

ప్రసాద్: అది వ్యక్తిగతం.

కళ్యాణి: రాగిపిండికీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు బావా. పీచు, కాల్షియం ఎక్కువ. మీరు రెండు ముద్దలు లాగించి, పైన నాటుకోడి పులుసు.

ప్రసాద్: కోడి లేకుండా ముద్దె ఏంది! సరే, ఇంజెక్షన్ల సంగతి చెప్పు.

కళ్యాణి: సెమాగ్లుటైడ్. వారానికో సూది. 2021లో వచ్చిన పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. అంటే పనిచేస్తుంది. వికారం, వాంతులు ఉంటాయి. కానీ సూది మానేసినవాళ్ళకు ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది.

ప్రసాద్: సంగటి మానేసినా అంతే.

కళ్యాణి: బావా.

ప్రసాద్: సరే, సరే. ఆ మూలికల మాత్రల గురించి చెప్తానన్నావు.

కళ్యాణి: ఊఁ. సిబుట్రమైన్ అని ఒకటుంది. ఆకలి చంపే మందు. గుండెపోటు, పక్షవాతం భయంతో 2011లో మన దేశంలో నిషేధించారు. డబ్బా మీద పేరు రాయకుండా దాన్ని మూలికల మాత్రల్లో కలిపి అమ్ముతుంటే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చాలాసార్లు పట్టుకుంది.

ప్రసాద్: నువ్వు వేసుకున్నదీ...

కళ్యాణి: ఏమో. నా పెళ్ళికి ముందు. పీజీ హాస్టల్లో ఒకమ్మాయి ఇచ్చింది, డబ్బా మీద తులసాకు బొమ్మ. పదకొండు రోజులు వేసుకున్నా. ఆకలి లేదు, నిద్ర లేదు, నోరు పిడచకట్టుకుపోయేది. జాకెట్ వదులైందని టైలరమ్మ మెచ్చుకుంది కూడా. ఒక రాత్రి గుండె దడదడమంటుంటే మెట్ల మీదే కూర్చుండిపోయా.

ప్రసాద్: రాత్రి రెండింటికి ఫోన్ చేశావు. గ్యాస్ అన్నావు.

కళ్యాణి: గ్యాసనే అనుకున్నా. తెల్లారి డబ్బా పారేశాను.

ప్రసాద్: పారేయకుండా డాక్టరుకు చూపించాల్సింది.

కళ్యాణి: ఆకులే కదా, ఏమని చూపిస్తాం అనిపించింది. అందులో ఏముందో ఇప్పటికీ తెలీదు.

ప్రసాద్: మీ అక్కకు తెలుసా ఇది?

కళ్యాణి: వింటే తెలుస్తుంది.

ప్రసాద్: ఆమె నాలుగో నిమిషం దాటి ఎప్పుడు విన్నది?

(కుక్కర్ కూత)

కళ్యాణి: అది మూడోదా, నాలుగోదా?

ప్రసాద్: నేనెక్కడ లెక్కపెట్టాను, నువ్వు చెప్పేది వింటూ కూర్చుంటి.

కళ్యాణి: పప్పు మాడుతోంది బావా, లేవండి, స్టవ్ ఆ—