నీళ్ళా, చీకటా? మిర్రర్‌లెస్ కొనాలో వాటర్‌ప్రూఫ్ కాంపాక్ట్ కొనాలో తేల్చుకుందాం

నమస్కారం అండి. బల్ల మీద రెండు కెమెరాలు పెట్టాను, చూడండి. ఎడమ పక్కది సోనీ ఆల్ఫా 7 ఫోర్, ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేకుండా, లెన్స్‌లు మార్చుకునే పెద్ద సెన్సర్ కెమెరా. 2021లో వచ్చింది. కుడి పక్కన ఎర్రగా, గుప్పిట్లో ఇమిడిపోయేలా ఉన్నది ఓఎం సిస్టమ్ టఫ్ టీజీ-7, వాటర్‌ప్రూఫ్ కాంపాక్ట్. 2023లో వచ్చింది. ఒలింపస్ పేరుతో ఏళ్ళ తరబడి వచ్చిన టఫ్ కెమెరాల వరసలో తర్వాతిది. సోనీ బాడీ 658 గ్రాములు, దానికి మంచి జూమ్ లెన్స్ బిగిస్తే కిలో దాటిపోతుంది. టీజీ-7 బ్యాటరీ, కార్డుతో కలిపి 249 గ్రాములు. అమెరికాలో విడుదలైనప్పుడు టీజీ ధర సుమారు 550 డాలర్లు. సోనీకి అప్పట్లో ఒట్టి బాడీయే సుమారు 2500 డాలర్లు, లెన్స్ ఖర్చు వేరే.

ఒడిశాలో బరంపురం, ఛత్రపూర్ నుంచి అటు పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ దాకా మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా అడిగేది ఒక్కటే. "అన్నా, రెండింట్లో ఏది మంచిది?" నేను తిరిగి ఒక మాట అడుగుతాను. ఇప్పటిదాకా మీరు తీయలేకపోయిన ఫోటోలు ఎందుకు తీయలేకపోయారు? నీళ్ళుండి తీయలేకపోయారా, చీకటై తీయలేకపోయారా? ఈ వీడియో అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మెగాపిక్సెళ్ళ గురించి నేను పెద్దగా మాట్లాడను. సోనీది 33, టీజీది 12. వాట్సాప్‌కీ, ఇంట్లో గోడకి కట్టుకునే ఫోటోకీ 12 బాగానే సరిపోతాయి.

ముందు చీకటి సంగతి. కెమెరా లోపల వెలుతురు పడే చోటుని సెన్సర్ అంటాం. సోనీలో అది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. వెనకటి రీలు నెగటివ్‌లో ఒక్క ఫ్రేము ఎంత ఉండేదో సరిగ్గా అంత. టీజీలో సెన్సర్ పొడవు 6 మిల్లీమీటర్ల పైన కొంచెం, వెడల్పు నాలుగున్నర. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. వైశాల్యం లెక్కేస్తే తేడా దాదాపు 30 రెట్లు. ఫోటోగ్రాఫర్ల లెక్కలో చెప్పాలంటే అయిదు స్టాప్‌లకి దగ్గర, ఒక్కో స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు. లెన్స్ ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఒకటే అనుకుంటే, టీజీలో ఐఎస్‌ఓ (చీకట్లో ఫోటో వెలుగు పెంచే అంకె) 800 దగ్గర కనిపించే గరుకు, ఫుల్‌ఫ్రేమ్‌లో ఇంచుమించు పాతికవేల దగ్గర గానీ కనిపించదు.

దీనికి తోడు ఇంకోటి ఉంది. టీజీ లెన్స్ వైడ్‌లో, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్ 2. ఈ ఎఫ్ అంకె ఎంత పెరిగితే ఎపర్చర్ అంత చిన్నదవుతుంది. చిన్న కెమెరాకి అది చాలా మంచి లెన్సే. కానీ జూమ్ చివరిదాకా లాగితే ఎఫ్ 4.9 అయిపోతుంది. అంటే వెలుతురు ఆరో వంతుకి పడిపోయినట్టు. అందుకే సాయంత్రం ఆరు దాటాక టీజీలో జూమ్ చేయొద్దండి. రెండడుగులు ముందుకి వేసి దగ్గరికెళ్ళి తీయండి.

మన దగ్గర చీకట్లో జరిగే గొప్ప విషయాలు తక్కువేం కాదు. బరంపురంలో రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది కదా. దేశిబెహరా వీధి, రాత్రుళ్ళు అమ్మవారి ఘటాల ఊరేగింపు, పులి వేషాలు, తోసుకునే జనం. మన నేతపనివాళ్ళ కుటుంబాలు తరతరాలుగా జరుపుకొస్తున్న యాత్ర అది. వీధి దీపం వెలుగులో పులి వేషగాడు గెంతుతుంటే ఆ కదలిక నిలవాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు కన్నా ఎక్కువసేపు తెరుచుకుని ఉండకూడదు. సోనీకి ఎఫ్ 1.8 లెన్స్ పెట్టి, ఐఎస్‌ఓ 6400కి పెంచితే ముఖం మీద రంగు గీతలు కూడా విడివిడిగా వస్తాయి. టీజీతో అదే చోట తీస్తే రంగు రంగులో కలిసిపోయి మసకగా వస్తుంది. ఫ్లాష్ వేయొచ్చు. కానీ దగ్గరున్న మనిషి తెల్లగా, వెనకున్న వీధి నల్లగా పడుతుంది. వీధి కనపడని యాత్ర ఫోటో నాకు నచ్చదు.

పెళ్ళిళ్ళు తీసి బతికేవాళ్ళకి నేను రెండో మాట చెప్పను, మిర్రర్‌లెసే కొనండి. మన ముహూర్తాలు ఎక్కువగా రాత్రి పూటే. జీలకర్రబెల్లం పెట్టే క్షణం మళ్ళీ రాదు. సోనీలో రెండు కార్డులు పెట్టొచ్చు, ఒకటి పాడైనా రెండోదాంట్లో ఫోటోలు ఉంటాయి. టీజీలో ఒకటే కార్డు. పెళ్ళికూతురి వెనక మండపం మసకబారి ముఖం ఒక్కటే తేలడమనేది పెద్ద సెన్సర్, పెద్ద లెన్స్ ఉంటేనే వస్తుంది.

చీకటి గురించి మాట్లాడుతూ ఋషికుల్యని వదిలేయలేను. గంజాం తీరంలో ఆ నది సముద్రంలో కలిసే చోటికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. 2025 ఫిబ్రవరిలో అయితే ఏడు లక్షలకి దగ్గరగా వచ్చాయి. అదంతా మామూలుగా రాత్రి పూట. అక్కడ ఫ్లాష్ వేయడం పాపం అంటాను నేను. తెల్లటి వెలుతురు పడితే ఒడ్డుకెక్కే తాబేలు బెదిరి వెనక్కి తిరిగిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటే పాకుతాయి, సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పోయి చచ్చిపోతాయి. అటవీ శాఖ వాళ్ళు ఎంతవరకు రానిస్తే అంతవరకే వెళ్ళండి, చెప్పినంత దూరంలోనే ఉండండి.

ఇక్కడ మెనూలో ఒకటి చూపిస్తాను, దగ్గరికి తెస్తున్నా. ఏఎఫ్ ఇల్యుమినేటర్ అని ఉంది చూశారా? చీకట్లో ఫోకస్ కోసం కెమెరా తనంతట తాను వెలిగించే చిన్న దీపం ఇది. రెండు కెమెరాల్లోనూ ఉంది. మీరు ఫ్లాష్ ఆపేశాం కదా అనుకుంటారు, ఇది మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆఫ్ చేయండి. స్క్రీన్ వెలుతురు కూడా బాగా తగ్గించుకోండి. ఇవన్నీ ఆపాక వెన్నెల్లో ఏమైనా వస్తే మిర్రర్‌లెస్‌తోనే వస్తుంది. అలా కూడా రాకపోతే కళ్ళతో చూసి రండి, తెల్లారాక ఇసకలో వాటి జాడలు టీజీతో తీయండి.

సరే, ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

పెద్ద కెమెరా డబ్బా మీద 'వెదర్ సీల్డ్' అని చూసి, వానలో తడిసినా పర్వాలేదు, సముద్రం మీదకి తీసుకెళ్ళొచ్చు అనుకుంటారు. కాదండి. దుమ్మునీ, తేమనీ కొంత ఆపేలా కట్టాం అంటారు తప్ప, ఈ సోనీకి ఐపీ అంకె (దుమ్మునీ నీళ్ళనీ ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకె) ఏదీ కంపెనీ ఇవ్వలేదు. అంకె ఇచ్చి అమ్మే పెద్ద కెమెరాల్లో ఓఎం సిస్టమ్ వాళ్ళ ఓఎం-1 ఒకటి. దానికి తగ్గ లెన్స్ పెడితే ఐపీ53. ఆ చివరి 3కి అర్థం, పైనుంచి ఏటవాలుగా 60 డిగ్రీల లోపు పడే జల్లుని తట్టుకుంటుందని. వానజల్లు వరకే అన్నమాట. పడవ ముక్కు మీద పగిలి అడ్డంగా కొట్టే కెరటం ఆ లెక్కలోకి రాదు.

టీజీ-7 అలా కాదు. నేరుగా 15 మీటర్ల లోతు దాకా నీళ్ళలో పనిచేస్తుంది. పది మీటర్ల నీళ్ళంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి ఇంకొక అంత కలిసినట్టు. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడినా ఆగుతుంది. అయితే 15 మీటర్లు అనే అంకె కదలని నీళ్ళకి. గండాహాతి జలపాతం కింద ధార నేరుగా లెన్స్ మీద, బ్యాటరీ తలుపు మీద పడేలా పట్టుకోవద్దు. కెమెరా చేత పట్టుకుని గట్టు మీంచి దూకొద్దు. వేగంగా కొట్టే నీళ్ళ దెబ్బ లోతు అంకె కన్నా ఎక్కువ పడొచ్చు.

గోపాలపూర్, అర్జీపల్లి వైపు వేటకి వెళ్ళే కుటుంబాల పిల్లలు ఇప్పుడు వీడియోలు తీస్తున్నారు, నాకు చాలా సంతోషం. తెల్లవారకముందే ఫైబర్ పడవ తోసుకుంటూ కెరటం దాటడం, అలివి వల ఒడ్డుకి లాగడం, ఇవన్నీ ఒడ్డున నిలబడ్డ కెమెరాకి సగమే దొరుకుతాయి. మిగతా సగం పడవలో ఉన్నవాడికే కనపడుతుంది. ఆ కుర్రాళ్ళకి నేను చెప్పేది టీజీ లాంటి కాంపాక్టే. మిర్రర్‌లెస్ కొని పడవెక్కితే అది సంచిలోనే ఉండిపోతుంది, కెరటం దాటేటప్పుడు ఎవరూ బయటికి తీయలేరు. దాన్ని నీళ్ళలోకి తీసుకెళ్ళడానికి హౌసింగ్ పెట్టెలు ఉన్నాయి గానీ, మంచి హౌసింగ్ ఖరీదు కెమెరా ఖరీదుకి దగ్గరగా ఉంటుంది.

"నా ఫోన్ ఐపీ68, మళ్ళీ ఇదెందుకు" అని అడుగుతారు. ఆ పరీక్ష మంచినీళ్ళలో చేస్తారండి, ఉప్పునీళ్ళలో కాదు. పైగా తడి వేలితో టచ్ స్క్రీన్ మాట వినదు. ఛార్జింగ్ రంధ్రంలో ఉప్పు పేరుకుంటే ఆ ఫోన్ ఛార్జింగ్ ఎక్కడమే మానేయొచ్చు. నీళ్ళలో తడిసి పాడైన ఫోన్‌కి చాలా కంపెనీలు వారంటీ కూడా ఇవ్వవు. టీజీకి అన్నీ బటన్లే, తడి చేత్తో నొక్కినా పనిచేస్తాయి. ఒక్క లోటు ఏమిటంటే దీనికి బయటి మైకు పెట్టుకునే చోటు లేదు. సముద్రం గాలిలో మాట వినపడదు. మీ మాట ఒడ్డుకొచ్చాక ఫోన్‌లో విడిగా రికార్డు చేసి కలుపుకోండి. ఇంకోటి, టీజీ నీళ్ళలో తేలదు, మునిగిపోతుంది. తేలే పట్టీ ఒకటి తప్పకుండా కట్టండి.

ఇప్పుడు దీని ప్రాణం ఎక్కడుందో చూపిస్తాను. బ్యాటరీ తలుపు ఇది. ముందు ఈ చిన్న లాక్, తర్వాత తలుపు. తెరిచాక అంచు చుట్టూ సన్నటి రబ్బరు కనిపిస్తోందా? కెమెరా అంతటికీ కాపలా కాసేది ఈ రబ్బరే. ఇదిగో, ఈ మూల మీద ఒక ఇసక రేణువు కావాలనే పెట్టాను. తలుపు వేస్తున్నా... వేశాను. పై నుంచి చూస్తే అంతా బాగానే ఉంది. ఇప్పుడు టార్చి పక్క నుంచి వేస్తాను. చూడండి, రేణువు ఉన్న చోట రబ్బరు ఎలా పైకి లేచిందో. అంత సందు చాలు నీళ్ళు లోపలికి పోవడానికి. ఒక్క తలవెంట్రుక చిక్కుకున్నా ఇంతే.

అందుకని ఒడ్డు మీద ఈ తలుపు తెరవనే వద్దు. బ్యాటరీ, కార్డు ఇంట్లోనే మార్చుకుని బయల్దేరండి. సముద్రం నుంచి వచ్చాక తలుపులన్నీ మూసి ఉండగానే బకెట్ మంచినీళ్ళలో పది నిమిషాలు నాననివ్వండి. నీళ్ళలోనే బటన్లన్నీ ఒకసారి నొక్కండి, కింద చేరిన ఉప్పు బయటికి వస్తుంది. తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే తెరవండి. ఆ రబ్బరు సీళ్ళు ఏడాదికోసారి మార్పించమని కంపెనీయే చెబుతుంది. కింద పడితే వెంటనే మళ్ళీ నీళ్ళలో ముంచకండి, తలుపులు సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూశాకే.

మిర్రర్‌లెస్ ఉన్నవాళ్ళు గోపాలపూర్ బీచికి తీసుకెళ్ళొచ్చు, భయం లేదు. లెన్స్ మాత్రం ఇసక మీద మార్చొద్దు, లెన్స్ తీశారంటే సెన్సర్ గాలికి బయటపడినట్టే. ఏసీ కారులోంచి నేరుగా తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, జిప్ కవర్‌లో పెట్టి కాసేపు ఆగండి. వానాకాలం నాలుగు నెలలూ సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో దాచకపోతే మన తేమకి లెన్స్ లోపల బూజు పడుతుంది.

తుఫాను సంగతి కూడా చెప్పాలి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటితే ఇటు గజపతి జిల్లా కొండ ఊళ్ళు కొట్టుకుపోయాయి. కూలిన ఇల్లు, మునిగిన పొలం ఫోటోలు వాన ఆగకముందే తీయాల్సి వచ్చే విలేకరులకీ, గ్రామంలో పనిచేసేవాళ్ళకీ టీజీలో ఒక మంచి సౌకర్యం ఉంది. లోపలే జీపీఎస్ ఉంటుంది, ఫోటో ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర తీశారో ఫోటోతో పాటే నమోదవుతుంది. బయల్దేరే ముందు మెనూలో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

చిలికాలో పక్షులకి రెండూ నేరుగా పనికిరావు. టీజీ జూమ్ ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 100 మిల్లీమీటర్లకే ఆగిపోతుంది, ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి. మిర్రర్‌లెస్‌కైనా 400 దాటిన లెన్స్ ఉండాలి. రంభ వైపు పడవలో వెళ్ళి బాతుల్ని తీయాలనుకుంటే ముందు ఆ లెన్స్ ఖర్చు వేసుకోండి. మరీ దగ్గరగా తీసేవాటికి మాత్రం టీజీ ముందు పెద్ద కెమెరా తలవంచాల్సిందే. లెన్స్‌కి ఒక సెంటీమీటరు దూరంలో ఫోకస్ అవుతుంది. బరంపురం పట్టు చీర అంచు మీద ఈ ఫొడా కుంభం, అంటే గుడి శిఖరాల్లాంటి నేత, చూడండి, పోగు పోగూ లెక్కపెట్టొచ్చు.

చివరగా, పాత టఫ్ కెమెరా చవగ్గా దొరికిందని కొనేవాళ్ళకి ఒక పరీక్ష. బ్యాటరీ, కార్డు తీసేయండి. లోపల పొడి టిష్యూ కాగితం చిన్న ముక్క మడిచి పెట్టండి, అంచు రబ్బరుకి తగలకుండా. తలుపు మూసి లాక్ వేసి బకెట్ నీళ్ళలో పావుగంట ఉంచండి. బయటికి తీసి, బాగా తుడిచి ఆరాక తెరిచి కాగితం చూడండి. ఎక్కడ కొంచెం తడి కనిపించినా, ఎంత తక్కువకిచ్చినా ఆ కెమెరా తీసుకోవద్దు.