వీధికి ఉన్న రెండో పేరు

శ్రోతలకు నమస్కారం.

మీరు ఉండే వీధికి రెండు పేర్లు ఉంటాయి. ఒకటి బోర్డు మీద రాసి ఉన్నది. రెండోది నగర ఇంజనీర్ల మ్యాపులో ఉంటుంది: ఆర్టీరియల్ (ప్రధాన రోడ్డు), కలెక్టర్ (చిన్న వీధులను ప్రధాన రోడ్డుతో కలిపే రోడ్డు), లోకల్ (ఇళ్ల ముందు వీధి), ఈ మూడింటిలో ఏదో ఒకటి. మనం పెద్దగా వినని ఈ రెండో పేరే చాలా సంగతులు తేలుస్తుంది. లేన్, అంటే ఒక వరుస బండ్లు పోయే చోటు, ఎంత వెడల్పు ఉండాలో, ఫుట్‌పాత్‌కి ఎంత చోటు మిగలాలో, బండ్లు ఎంత వేగంతో పోవచ్చో చాలావరకు దాన్ని బట్టే ఉంటుంది.

ఈ విభజన వెనకున్న ఆలోచన అర్థం చేసుకోవడం తేలికే. పిల్లకాలువలు వాగులో, వాగులు ఏట్లో కలిసినట్టు, ఇంటి ముందు వీధిలోని బండి కాస్త పెద్ద రోడ్డెక్కి, అక్కడి నుంచి ప్రధాన రోడ్డులో కలుస్తుంది. 1963లో బ్రిటన్‌లో నగర ప్రణాళికా నిపుణుడు కాలిన్ బుకానన్ బృందం ఇచ్చిన నివేదిక ఈ పద్ధతికి గట్టి ఊతమిచ్చింది. వాహనాల హోరు సోకని నివాస ప్రాంతాలు ఉండాలని కూడా అదే నివేదిక చెప్పింది. ఆ మాట వెనకబడి, రోడ్లు వెడల్పు చేయడం ముందుకొచ్చిందని నా బాధ.

ఎందుకంటే ప్రధాన రోడ్డు మీద బండ్లు మాత్రమే ఉండవు. బడి, ఆసుపత్రి, బస్టాపు, దుకాణాలు అక్కడే ఉంటాయి. రోజూ వేలమంది అక్కడ దిగుతారు, నిలబడతారు, రోడ్డు దాటుతారు. పాత విభజన ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్కపెట్టింది కానీ, ఎంతమంది ఆగుతున్నారో అడగలేదు.

ఈ మధ్య ఒక కూడలిలో చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ రోడ్డు దాటుతుంటే చూశాను. ఆమె సగం దూరంలో ఉండగానే సిగ్నల్ మారిపోయింది. తర్వాత కూర్చుని లెక్క వేశాను. 3.5 మీటర్ల లేన్లు నాలుగు ఉంటే దాటాల్సింది 14 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషికి దాదాపు 12 సెకన్లు పడుతుంది. 0.8 మీటర్లే నడవగలిగిన ఆమెకు పదిహేడున్నర సెకన్లు. అవే లేన్లు 3 మీటర్లు చేస్తే దూరం 12 మీటర్లకు తగ్గుతుంది, ఆమెకు 15 సెకన్లు చాలు. మిగిలిన 2 మీటర్లతో రెండు వైపులా ఫుట్‌పాత్‌ను చెరో మీటరు పెంచవచ్చు. ఒక్క చెట్టు కొట్టకుండా, ఒక్క ఇల్లు కూల్చకుండా! మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే చిన్న దిమ్మె కూడా కట్టిస్తే ఇంకెంత ధైర్యం!

వేగం సంగతి కూడా ఇంతే. గంటకు 30 కిలోమీటర్లతో పోయే బండి 60కి చేరితే, గుద్దినప్పుడు ఆ దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. విశాలంగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద బోర్డు ఏం చెప్పినా కాలు యాక్సిలరేటర్ మీదికే పోతుంది. మలుపు ఇరుగ్గా ఉంటే ఎంత తొందరలో ఉన్నవాడైనా నెమ్మదించక తప్పదు.

కొన్నిచోట్ల లెక్క మారింది. నెదర్లాండ్స్‌లో నడిచేవాళ్లకే మొదటి హక్కు ఉండే నివాస వీధులకు 1976లో చట్టబద్ధత వచ్చింది. లండన్ 2013లో వీధులను రెండు కొలతలతో చూడాలని నిర్ణయించింది: ప్రయాణానికి ఎంత ముఖ్యం, జనం గడిపే చోటుగా ఎంత ముఖ్యం? ఒక్కోదానికి మూడేసి స్థాయిలు, ఈ రెండూ కలిపితే తొమ్మిది రకాల వీధులు వచ్చాయి. స్పెయిన్ 2021లో, ఊళ్లలో ఒక్కో దిక్కుకు ఒకే లేన్ ఉన్న వీధుల్లో వేగాన్ని 30 కిలోమీటర్లకు పరిమితం చేసింది.

లేన్లు తగ్గిస్తే ఫైరింజన్ ఎలా వస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మామూలు ఫైరింజన్ వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. 3 మీటర్ల లేన్‌లో అది పడుతుంది. దాన్ని ఎక్కువగా అడ్డుకునేది అడ్డదిడ్డంగా ఆపిన బండ్లే. బస్సులు తిరిగే లేన్‌ను కాస్త వెడల్పుగా ఉంచాలి, అదీ నిజమే.

నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. ఒక రోడ్డుకు మొదటి నుంచి చివరిదాకా ఒకే పేరు అక్కర్లేదు. ఊరి అంచున ప్రధాన రోడ్డుగా ఉన్నది బడి దగ్గరికి వచ్చేసరికి నెమ్మది వీధిగా మారాలి. లేన్ సన్నబడి, దాటేచోటు ఎత్తుగా కనబడితే, బోర్డు చదవని డ్రైవరుకు కూడా ఆ మార్పు తెలుస్తుంది. మీ నగరం కొత్త మ్యాపు గీసి అభ్యంతరాలు అడిగినప్పుడు, ముందు మీ వీధిని అందులో ఏ రకంగా చూపించారో వెతకండి. పొద్దున బడి వేళకు అక్కడ ఎంతమంది పిల్లలు రోడ్డు దాటుతున్నారో లెక్కపెట్టి, ఆ అంకె రాసి పంపండి.

నమస్కారం.