సర్కారుకి సందేహం వస్తే

అధ్యక్షులకీ, పెద్దలకీ, లా కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకీ నమస్కారం.

ప్రభుత్వానికి న్యాయ సలహా అనగానే మనకి రాజ్యాంగ సంక్షోభాలు, గవర్నర్లు, పెద్ద పెద్ద కేసులు గుర్తొస్తాయి. నేను మాట్లాడబోయేది అంత పెద్ద సంగతులు కావు. అణా స్టాంపు బిళ్ళ మీద సంతకం ఎలా పెట్టాలి, పోరంబోకులో నాలుగు కుంచాల విత్తనం చల్లుకున్నవాణ్ణి ఏం చెయ్యాలి, కాలవ నీళ్ళు రెండోసారి పారించుకుంటే పన్ను పడుతుందా, ఇలాంటివి. నూట పాతికేళ్ళ కిందట కలెక్టరు కచేరీల్లో గుమాస్తాలు తలలు పట్టుకున్నది వీటి దగ్గరే. నేను చెప్పేదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కథ. నిజాం రాజ్యంలో చట్టాలు వేరు, కచేరీలు వేరు. దాని జోలికి ఇవాళ వెళ్ళను.

ముందు మనుషుల్ని చూద్దాం. పైన అడ్వకేట్ జనరల్, అంటే సర్కారుకి పెద్ద వకీలు. హైకోర్టులోనూ జిల్లాల్లోనూ గవర్నమెంటు ప్లీడర్లు. మొదట్లో అడ్వకేట్ జనరల్ కుర్చీ తెల్లవాళ్ళదే. 1897లో వెంబాకం భాష్యం అయ్యంగారు తాత్కాలికంగా ఆ పని చూసినప్పుడు, అక్కడ కూర్చున్న తొలి భారతీయుడాయన. మన నెల్లూరు జిల్లా పూదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929లో ఆ పదవికి వచ్చి 1944 దాకా ఉన్నారు. వీళ్ళిచ్చే అభిప్రాయం సర్కారుకి చెప్పే మాట. అది ఫైల్లో ఉంటుంది, రైతు దాకా రాదు. వకీలుకీ కక్షిదారుకీ మధ్య మాట గుట్టుగా ఉండాలన్నది ఎవరికైనా వర్తించే సూత్రమే కదా. ఇక్కడ కక్షిదారు సర్కారు, అంతే.

కానీ ఒక్క చోట ఈ గుట్టు లేదు. అది స్టాంపు చట్టం, 1899. నన్నడిగితే ఆ కాలం చట్టాలన్నిటిలోకీ మర్యాదస్తురాలు ఇదే.

ఇందులో 31వ సెక్షనుంది. ఆ రోజుల్లో మీరొక దస్తావేజు రాయించుకున్నారనుకోండి, లేదా రాయించబోతున్నారనుకోండి. ఎంత స్టాంపు పడుతుందో తెలీదు. కాగితం పట్టుకుని తిన్నగా కలెక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎనిమిదణాలకి తక్కువ కాకుండా, అయిదు రూపాయలకి మించకుండా ఆయన చెప్పిన రుసుము కట్టండి. ఇంత స్టాంపు పడుతుందని ఆయన తేల్చి చెప్పాలి. ఆ సుంకం కట్టాక సరిపోయిందని దాని మీద రాసిచ్చారంటే ఇక దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. సంతకాలు అయిపోయిన కాగితమైతే నెలలోపు తీసుకురావాలి. అన్నిటికంటే నాకు నచ్చేది దీని కిందున్న మినహాయింపు. కలెక్టరు అడిగాడని మీరు చెప్పిన వివరాలని, స్టాంపు సుంకం విచారణకి తప్ప, తర్వాత సివిలు వ్యవహారంలో మీ మీదకి తిప్పకూడదు. అంటే భయం లేకుండా సర్కారుని సందేహం అడగొచ్చు. ఎనిమిదణాలకి!

ఇక కలెక్టరుకే సందేహం వస్తే? దానికీ దారి ఉంది. తన అభిప్రాయం జతచేసి, కేసు రాసి కలెక్టర్లకి పైనున్న రెవిన్యూ బోర్డుకి పంపొచ్చు. బోర్డుకీ తేలకపోతే, అదీ తన అభిప్రాయంతో పాటు హైకోర్టుకి పంపొచ్చు. అక్కడ ముగ్గురికి తక్కువ కాకుండా జడ్జీలు కూర్చుని తేలుస్తారు. తీర్పు నకలు కోర్టు ముద్రతో బోర్డుకి వస్తుంది, దాని ప్రకారమే బోర్డు నడవాలి. లా పిల్లలు పాత మద్రాసు తీర్పుల రిపోర్టులు తిరగేస్తే కొన్ని కేసుల నెత్తిన వాది పేరూ ప్రతివాది పేరూ కనపడవు. "స్టాంపు చట్టం కింద రిఫరెన్సు" అని మాత్రం ఉంటుంది. అక్కడ పోట్లాడుకునేవాళ్ళు లేరు. ఒక సర్కారీ కచేరీకి సందేహం వచ్చింది, అడిగింది, బాహాటంగా జవాబొచ్చింది. అచ్చయింది కూడా.

ఇంత ఏర్పాటు దేనికంటారా? ఆ కాలం రసీదు ఒకటి ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. ఇరవై రూపాయలు దాటిన సొమ్ము ముడితే అణా బిళ్ళ అంటించాల్సి వచ్చేది. 1906 నుంచి వచ్చిన అణా బిళ్ళల మీద ఎడ్వర్డు రాజు తల, కింద తపాలాకీ రెవిన్యూకీ రెండింటికీ పనికొస్తుందన్న రాత ఉంటాయి. ఉత్తరానికి అంటించేదే రసీదుకీ అంటించొచ్చన్నమాట. బిళ్ళ మీంచి సంతకం వాలుగా కాగితం మీదకి జారుతుంది, పక్కన తేదీ. అదేం అలంకారానికి కాదు. బిళ్ళ మళ్ళీ వాడటానికి వీల్లేకుండా రద్దు చెయ్యాలని 12వ సెక్షను. చెయ్యకపోతే అసలు బిళ్ళే లేనట్టు లెక్క. పేరో పొడి అక్షరాలో రాసి తేదీ వెయ్యమంది, లేకపోతే పనికొచ్చే మరే పద్ధతైనా సరేనంది. మరి చదువురానివాడు అడ్డంగా గీత గీస్తే చాలా? వేలిముద్ర బిళ్ళ మీద సగం పడితే? గీత పల్చగా ఉంటే? నవ్వకండి. ప్రోనోటు మీద బిళ్ళ సరిగ్గా రద్దు కాలేదంటే అప్పిచ్చినవాడి దావా గంగలో కలిసినట్టే. మామూలు దస్తావేజుకైతే తక్కువ పడ్డ సుంకానికి పదింతలు జరిమానా కట్టి గట్టెక్కొచ్చు. ప్రోనోటుకి ఆ దారి కూడా లేదు. రసీదు సంగతి కాస్త నయం. బిళ్ళ లేని రసీదు ఇచ్చినవాడి మీద దాన్ని రూపాయి జరిమానాతో సాక్ష్యంగా పెట్టొచ్చు. ఇక ఊళ్ళో మునసబు శిస్తు వసూలు చేసుకుని ఇచ్చే రసీదుకి అసలు బిళ్ళే అక్కర్లేదు, దాన్ని చట్టమే మినహాయించింది. తనకి రావాల్సిన డబ్బు దగ్గర సర్కారు అడ్డంకులు పెట్టుకోదు లెండి.

ఇప్పుడు భూమి దగ్గరికొద్దాం. ఇక్కడ మర్యాద కాస్త తగ్గుతుంది.

పోరంబోకులోనో బంజరులోనో ఎవరైనా అనుమతి లేకుండా సాగుచేస్తే శివాయి జమా, అంటే పట్టా లేని సాగు, కింద రాసి, మామూలు శిస్తుకి ఎన్నో రెట్లు వేసి, వాడే వదిలేసి పోయేలా చెయ్యడం మద్రాసు రెవిన్యూ వాళ్ళ పాత అలవాటు. జమాబందీలో, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీలో, కరణం లెక్క చూపిస్తాడు, పైనుంచి వడ్డింపు పడుతుంది. ఏ చట్టం కింద? ఆ ప్రశ్న చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగాక వచ్చిందే 1905 నాటి భూఆక్రమణ చట్టం, ఆ ఏడాది మద్రాసు మూడో చట్టం. దాని పీఠిక చదవండి. అనధికార ఆక్రమణని జరిమానా శిస్తుతో అరికట్టే ఆచారం ఉంది, ఆ ఆచారానికి చట్టం అనుమతి ఎంతవరకు ఉందన్న దాని మీద సందేహాలు కలిగాయి, కాబట్టి చట్టం చేస్తున్నాం. ఇదీ దాని సారాంశం. ఏళ్ళ తరబడి వసూలు చేసి, అప్పుడు సందేహం వచ్చిందన్నమాట. పాత వడ్డింపుల సొమ్ము తిరిగిస్తామన్న ఊసు మటుకు ఆ పీఠికలో లేదు.

చట్టంలో మంచీ ఉంది. ఖాళీ చేయించే ముందు 7వ సెక్షను కింద నోటీసిచ్చి సంజాయిషీ అడగాలి. శిస్తున్న భూమైతే జరిమానా అయిదు రూపాయలు, లేదా ఏడాది శిస్తుకి పదింతలు ఎక్కువైతే అంతవరకు, అని హద్దు పెట్టారు. అంతకు ముందు హద్దే లేదు. కానీ సివిలు కోర్టుకి వెళ్ళాలంటే ఆర్నెల్లే గడువు. తాసిల్దారు ఆఫీసులో పనిచేసే మిత్రులకి నేను చెప్పక్కర్లేదు, ఏడో సెక్షను నోటీసు, ఆరో సెక్షను నోటీసు అని ఇవాళ్టికీ మీరు పంచుతున్నది ఈ చట్టం కింద అచ్చైన కాగితాలే.

సర్కారు మీద దావా వెయ్యాలంటే 1908 సివిలు ప్రొసీజరు కోడు 80వ సెక్షను రెండు నెలల ముందు నోటీసివ్వమంది. ఆ రెండు నెలల్లో సర్కారు తన వకీలుని అడిగి, తప్పుంటే సర్దుకుంటుందని దాని ఉద్దేశం. ఎంతవరకు సర్దుకున్నారన్నది వేరే ఉపన్యాసం.

సర్దుకోని కేసు ఒకటి చెప్పి ముగిస్తాను. అప్పటి గంజాం జిల్లాలో, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో, ఉర్లాం జమీందారీ ఉంది. వంశధార నుంచి కాలవలు దాని పొలాలకి పారేవి. 1865 నీటి తీర్వా చట్టం, అంటే నీటి పన్ను చట్టం, ప్రకారం సర్కారుదైన నదో కాలవో వాడుకుంటే విడిగా తీర్వా కట్టాలి. అయితే సర్కారుతో ఒప్పందం వల్ల ఉచితంగా నీరు పొందే హక్కున్న జమీందారుకి ఆ హక్కు మేరకు మినహాయింపు. "ఆ మేరకే, అంతకు మించి కాదు" అని కూడా చట్టం నొక్కి చెప్పింది. ఉర్లాం సనదులో, అంటే జమీందారీ హక్కు పత్రంలో, నీళ్ళ మాటే లేదు. మరి ఒప్పందం ఎక్కడుంది? ఉన్నా దేని మేరకు? శాశ్వత శిస్తు కుదిరిన నాటి సాగుకి మించి నీరు వాడితే కట్టాల్సిందేనని సర్కారు పట్టుబట్టింది. మద్రాసు హైకోర్టు సర్కారు పక్షానే చెప్పింది. జమీందారు కందుకూరి బాలసూర్య ప్రసాదరావు లండను దాకా వెళ్ళారు. 1917లో అక్కడి ప్రివీ కౌన్సిలు, అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు కోర్టు, హైకోర్టు తీర్పుని తిప్పేసింది. జమీందారుకి అది చెప్పినదాని సారాంశం ఇది. కాలవలు ఉన్న భూమిని, ఆ నీటి సౌకర్యాన్ని లెక్కలోకి తీసుకునే పేష్కషు, అంటే జమీందారు సర్కారుకిచ్చే శాశ్వత శిస్తు, కట్టావు; కాబట్టి ఒప్పందం కాగితం మీద లేకపోయినా ఉన్నట్టే. ఇక దాని కొలత కాలవ వెడల్పూ లోతూ, తూము పరిమాణమూ. ఆ కాలవలో పట్టినంత నీరు నీది, దానితో ఏ పంట పండించుకుంటావో సర్కారుకి అనవసరం.

ఆ తర్వాత జమీందారీ నీళ్ళ తగాదాల్లో ఉర్లాం కేసు పేరెత్తని వకీలు లేడు. అయితే ఒకటి గమనించండి. చట్టంలో మినహాయింపు జమీందార్లకీ, ఇనాందార్లకీ, రయత్వారీ కాని భూస్వాములకీ ఉంది. నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రయత్వారీ రైతు ఆ వాక్యంలో లేడు. ఉర్లాంలో గెలిచిన వాదన అతనికి అక్కరకి రాదు. అతను పడ్డ తీర్వా కట్టి, మునసబు దగ్గర రసీదు తీసుకున్నాడు.