ఫైటర్ జెట్‌కి ఆటోనగర్ బేరింగ్ ఎందుకు పనికిరాదు?

హోస్ట్: అన్నా, ఈసారి ఫైటర్ జెట్ వదిలేసి దాని బేరింగ్ గురించి మాట్లాడదాం అన్నారు. జనం వింటారంటారా?

అతిథి: వింటే మంచిదే తమ్ముడూ. 2016లో వైజాగ్ ఫ్లీట్ రివ్యూకి మన విమాన వాహక నౌక విక్రమాదిత్య వచ్చింది, ఎంత హడావుడో గుర్తుందిగా? దాని మీద ఎగిరే రష్యా ఫైటర్ జెట్లు మిగ్-29కెలకి స్పేర్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. అదే ఏడాది వాటి మీద కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ, రిపోర్టు వచ్చింది.

హోస్ట్: అందులో ఏముంది?

అతిథి: ఈ మిగ్‌లు 2010లో నేవీలో చేరినప్పటి నుంచి మొత్తం 65 ఇంజన్లలో 40 ఇంజన్లని డిజైన్ లోపాల వల్ల తీసి పక్కన పెట్టారని ఉంది. 62 శాతం! ఎగరడానికి సిద్ధంగా ఉన్న సింగిల్ సీటర్లు 16 నుంచి 38 శాతం మధ్యే. అన్నీ బేరింగుల వల్లే అనడం లేదు, కానీ పార్టు కోసం రష్యా వైపు చూస్తూ కూర్చుంటే విమానం షెడ్డులోనే ఉంటుంది కదా.

హోస్ట్: అదే సైజు బేరింగ్ మన ఆటోనగర్‌లో దొరకదా? సరదాకే అడుగుతున్నా.

అతిథి: సైజుదేముంది, దొరుకుతుంది. ఉక్కు వేరు. మామూలు బేరింగ్ స్టీలు ఇంజన్ వేడికి మెత్తబడిపోతుంది. అందుకే పాశ్చాత్య జెట్ ఇంజన్లలో ఎక్కువగా ఎం50 అనే స్టీలు వాడతారు, మాలిబ్డినం, క్రోమియం నాలుగేసి శాతం, వనేడియం ఒక శాతం, వాక్యూమ్‌లో ఒకటికి రెండుసార్లు కరిగించి తీస్తారు, ఎందుకంటే లోపల చిన్న మలినం ఉన్నా అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. 300 డిగ్రీల దగ్గర కూడా గట్టిగానే ఉంటుంది. తమాషా ఏంటంటే, ఆ కాస్త క్రోమియంతో అది స్టెయిన్‌లెస్ అవ్వదు. తుప్పు పడుతుంది.

హోస్ట్: సముద్రం మీదా!

అతిథి: అదే కదా గొడవ. నాలుగు రోజులు ఎగరకుండా డెక్ మీద ఉప్పుగాలిలో నిలబడితే ఆయిల్‌లోకి తేమ చేరుతుంది, బాల్ మీద కంటికి ఆనని గుంట పడుతుంది. తర్వాత తిరిగేకొద్దీ అక్కడే పెచ్చులూడుతుంది. ఆ రజనుని పట్టడానికే ఆయిల్ దారిలో అయస్కాంతం పెడతారు, మెకానిక్ దాన్ని తీసి చూస్తాడు. నన్నడిగితే పైలట్ కంటే ముందు అతనికి దండం పెట్టాలి.

హోస్ట్: మరి ల్యాండింగ్ దెబ్బ?

అతిథి: రన్‌వే మీద లాగా చివర్లో ముక్కెత్తి మెల్లగా ఆనించడం ఉండదు, వచ్చిన వాలులోనే వచ్చి డెక్‌కి కొడతాడు, హుక్కు తీగని పట్టుకుంటుంది, రెండు మూడు సెకన్లలో ఆగిపోవాలి. చక్రాల బేరింగులు, కాళ్ల పిన్నులు, బుష్‌లు అన్నీ ఆ దెబ్బ తినాల్సిందే. అందుకే ఎగిరిన గంటలతో పాటు ల్యాండింగులు కూడా లెక్క రాస్తారు. సీరియల్ నంబరు, కాగితం లేని పార్టు ఎంత బాగున్నా పెట్టరు.

హోస్ట్: హైదరాబాద్‌లో మిధాని ఉందిగా, మనమే చేసుకోలేమా?

అతిథి: మిధాని 1973 నుంచి ఉంది. స్పెషల్ స్టీలు, టైటానియం, సూపర్ అల్లాయ్‌లు చేస్తుంది. కానీ స్టీలు చేతిలో ఉంటే బేరింగ్ వచ్చేసినట్టు కాదు, పరీక్ష చేసే రిగ్గు మీద వందల గంటలు తిప్పాలి, ఇంజన్ చేసినవాడు సరే అనాలి. ఆ డ్రాయింగులు, ఆ హక్కులు విమానం కొనేటప్పుడే బేరమాడాలి, తర్వాత అడిగితే ఎవడిస్తాడు? 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ నేవీ ఫైటర్లు 26 రఫేల్-ఎంలకి సంతకం చేసినప్పుడు పనితీరుని బట్టి లాజిస్టిక్స్ అని ఒప్పందంలో కలిపారు. అది నాకు నచ్చింది.

హోస్ట్: అంటే స్పేర్ల బాధ్యత కంపెనీదే?

అతిథి: చాలావరకు. ఆ రఫేల్‌లు అన్నీ వచ్చేసరికి 2030 దాకా పడుతుంది. ఈలోపు మన ఇంకో విమాన వాహక నౌక విక్రాంత్ మీద కూడా మిగ్‌లే ఎగరాలి, వాటికి పార్టులు కావాలి.